నురుగు ఆగేదాకా

మా ఇంట్లో మందులు పెట్టుకునే గూట్లో ఇప్పటికీ ఒక కాఫీరంగు సీసా ఉంటుంది. మూత తిప్పితే లోపల ఎవరో ఊపిరి వదిలినట్టు సన్నగా చప్పుడవుతుంది. అందులో ఉన్నది చూడడానికి మంచినీళ్ళలాగే ఉంటుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్. ఆ పేరు తడబడకుండా పలకడానికి నాకు నెల పట్టింది. మా అత్తగారు మాత్రం ఆఖరిదాకా దాన్ని "నురుగుమందు" అనే అన్నారు.

ఆ సీసాతో నేను మావారి కుడిచేతి బొటనవేలు పోగొట్టబోయాను. శ్రద్ధగా, భక్తిగా, రోజుకు మూడుసార్లు చొప్పున పోగొట్టబోయాను. దేవుడి దయవల్ల ఆ వేలు మిగిలింది. ఎలా మిగిలిందో రాసిపెట్టాలని చాలా ఏళ్ళుగా అనుకుంటూ వచ్చాను. నా చేతికి మంచి జరిగిన సంగతులు రాయడమే అలవాటు. తప్పు రాయడానికి ఇంతకాలం పట్టింది.

తొంభైల మొదట్లో మాట. మేము బందరులో, చిలకలపూడిలో ఉండేవాళ్ళం. ఆ పేటలో ఏ గుమ్మం ముందు నిలబడ్డా లోపలినుంచి చిన్న సుత్తి చప్పుడు వినిపించేది. మావారు ముందుగదిలో కూర్చుని రోల్డుగోల్డు గొలుసులు చేసేవారు. వంటయ్యాక నేను పక్కనే చాప వేసుకుని దుద్దులకి రాళ్ళు అతికేదాన్ని. మా అత్తగారు, ఐదేళ్ళ మా అమ్మాయి, మేమిద్దరం. ఇంతే సంసారం.

గొలుసుల పనిలో కుడిచేతి బొటనవేలు ఎంతటిదో బయటివాళ్ళకి తెలియదు. తీగ ఆపాలన్నా, పట్టకారు నొక్కాలన్నా, వడ్లగింజంత కొక్కేన్ని కొక్కెంలో కూర్చాలన్నా అదే. మిగతా నాలుగు వేళ్ళూ దానికి సాయం పట్టేవే. మావారు పని మొదలుపెట్టే ముందు ఆ చేతిని కళ్ళకద్దుకునేవారు.

పెరట్లో ఒక మూల యాసిడ్ తొట్టి ఉండేది. నిప్పు తగిలి నల్లబడిన సరుకును యాసిడ్ కలిపిన నీళ్ళలో వేస్తే బుసబుసా పొంగేది. పొంగినంతసేపూ మసి వదులుతున్నట్టు. పొంగు తగ్గితే సరుకు శుభ్రపడినట్టు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మావారు నేర్పిన మొదటి పాఠమే అది. "తొందరపడి తీసెయ్యకు. నురుగు ఆగేదాకా ఉంచు" అనేవారు. నేను అలాగే ఉంచేదాన్ని. ఒక్క గొలుసు కూడా నా చేతిలో పాడవలేదు.

నేను బడికి వెళ్ళలేదు. మా పుట్టిల్లు గుడివాడ దగ్గర పల్లెటూరు. చిన్నప్పుడు నాకు జ్వరాలు ఎక్కువ వస్తుండేవని మా నాన్నగారు ఇంట్లోనే పలక పట్టించి అక్షరాలు దిద్దించారు. తెలుగులో ఏది దొరికినా చదివేదాన్ని. పచారీ కొట్టు పొట్లం విప్పి పప్పు డబ్బాలో పోశాక, ఆ కాగితం రెండువైపులా చదివితే గానీ పారేసేదాన్ని కాదు. ఇంగ్లీషు మాత్రం నాన్నగారికీ రాదు, నాకూ రాలేదు. ఇది ఎందుకు చెప్తున్నానో ముందుముందు తెలుస్తుంది.

ఒకరోజు మావారు ఇత్తడి తీగ లాగుతున్నారు. కమ్మచ్చు అని ఒక ఉక్కు పలక ఉంటుంది. దానికి వరసగా కన్నాలు. పెద్ద కన్నంలోంచి మొదలుపెట్టి చిన్న కన్నాల్లోంచి లాగుతూ పోతే తీగ సన్నబడుతుంది. లాగుతుండగా తీగ పుటుక్కున తెగి, ఆ కొస బొటనవేలి పైకణుపు దగ్గర దిగింది. ఆయన దాన్ని పీకి పారేసి, వేలు ఒకసారి నోట్లో పెట్టుకుని, మళ్ళీ పనిలో పడ్డారు. అత్తగారు పసుపు అద్దారు. వారం తిరిగేసరికి వేలు ఉబ్బి నల్లవంకాయ రంగుకి వచ్చింది.

బస్టాండు వైపు ఉన్న డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాం. ఆయన కోసి, చీము తీసి, లోపల మిగిలిన తీగముక్క కూడా తీశారు. తర్వాత కాంపౌండరుగారు కాఫీరంగు సీసా తెచ్చి ఆ గుంటలో ఒక ధార పోశారు.

అంతే, తెల్లగా పొంగుకొచ్చింది. సబ్బు లేదు, సోడా లేదు, నీళ్ళలాంటి మందు పడగానే పుండంతా నురుగైపోయింది. దగ్గరగా వంగితే చిరుచిరు చప్పుడు కూడా వినిపించింది. మావారు పళ్ళు బిగించి పైకప్పు వంక చూశారు.

"కంగారు పడకమ్మా. అడుగునున్న మురికిని పైకి తెస్తది" అన్నారు కాంపౌండరుగారు.

"ఎన్నాళ్ళు పొయ్యాలండీ?"

"ఆ మురికి పొయ్యేదాకా. అంతా చీటీలో రాసిచ్చారుగా డాక్టరుగారు, చూసుకోండి."

చీటీ ఇంగ్లీషులో ఉంది, మావారికీ ఇంగ్లీషు రాదు. వరండాలో ఇంకా పదిమంది ఎదురుచూస్తున్నారు. మళ్ళీ అడగడానికి మొహమాటపడ్డాను. అడగాల్సిన అవసరం కూడా తోచలేదు. మురికి పోయేదాకా అంటే నాకు తెలుసు కదా. పెరట్లో తొట్టి దగ్గర రోజూ నేను చేసే పనేగా. కాంపౌండరుగారు ఇచ్చిన నురుగుమందు సీసా పట్టుకుని ఇంటికి వచ్చి, ఆ చీటీని మడిచి, సుబ్రహ్మణ్యస్వామి పటం వెనక పెట్టి దండం పెట్టుకున్నాను.

అప్పటినుంచి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం నేను కాళ్ళూ చేతులూ కడుక్కుని, పీట వేసి, ఇత్తడి పళ్ళెం పెట్టి, కట్టు విప్పి, సీసా ఎత్తేదాన్ని. మనసులో స్వామి నామం అనుకుంటూ సన్నటి ధారగా పోసేదాన్ని. తెల్లగా పొంగేది. తుడిచేదాన్ని. మళ్ళీ పోసేదాన్ని. మళ్ళీ పొంగేది.

మా అమ్మాయి పక్కన చతికిలబడి, "నాన్న వేలు గోళీసోడా తాగుతోందే మామ్మా" అనేది.

అత్తగారు ముక్కున వేలేసుకునేవారు. "ఇంత విషం ఎక్కడ దాచాడమ్మా వీడు! చిన్నప్పుడు చీమని కూడా తొక్కేవాడు కాదు."

"నువ్వు పెట్టిన పసుపే అయ్యుంటదిలే" అనేవారు మావారు, కళ్ళు మూసుకునే.

"ఆఁ, నా పసుపుకేం? నాలుగు తరాలు బతికాయి దాంతో."

పోస్తున్నప్పుడు నా వేళ్ళ మీద కూడా పడేది. పడినచోట కాసేపటికి సున్నం అంటినట్టు తెల్లబడి, చిన్న సూదులు గుచ్చినట్టు చురుక్కుమనేది. అరగంటకి ఆ తెలుపు పోయేది. విభూతి పెట్టిన గుర్తులా ఉందని నాకు నేనే అనుకుని తృప్తిపడేదాన్ని.

వారం గడిచింది. చీము తగ్గింది, వాపు తగ్గింది. కానీ నురుగు ఆగలేదు. రెండో వారం కూడా ఆగలేదు. గుంట మానడం లేదు. అంచులు తెల్లగా, నీళ్ళలో నానిన చర్మంలా ఉండేవి. మధ్యలో ఒకరోజు ఎర్రగా కనిపించేది, మర్నాటికి ఆ ఎరుపు పోయి మళ్ళీ పాలిపోయేది. ఇంకా మురికి ఉంది కాబోలు అనుకుని నేను ధార పెంచాను. మూడో సీసా కూడా కొన్నాం.

ముందుగదిలో సుత్తి చప్పుడు ఆగిపోయింది. ఒప్పుకున్న సరుకంతా డబ్బాల్లో అలాగే ఉండిపోయింది. అందులో మా వీధి చివర ఉండే నర్సుగారి గొలుసు ఒకటి. గవర్నమెంటు ఆస్పత్రిలో ఆవిడ ఉద్యోగం. చిన్న సిలువ ఉన్న గొలుసు, కొక్కెం విరిగితే అతికించమని ఇచ్చి వెళ్ళారు. దారినపోతూ గుమ్మంలోంచే కేకేసేవారు.

"ఏం తమ్ముడూ, నా గొలుసు బతికుందా?"

"ఉందక్కా. నా వేలే మంచాన పడింది."

"త్వరగా లేపవయ్యా దాన్ని. మెడ బోసిగా ఉందని వార్డులో అందరూ అడుగుతున్నారు."

మూడు వారాలయ్యాక డాక్టరుగారు కట్టు విప్పి, గుంట అంచులు నొక్కి చూశారు. తర్వాత నన్ను అడిగారు.

"శుభ్రంగా కడుగుతున్నారామ్మా?"

"రోజుకు మూడుసార్లండీ. ఒక్క పూట కూడా తప్పలేదు" అన్నాను. గర్వంగానే అన్నాను. ఆ గర్వం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. దేంతో కడుగుతున్నారని ఆయన అడగలేదు. చీటీ రాసిచ్చాక అడగాల్సిన పని ఏముంటుంది?

"కొత్త కండ రావట్లేదు. ఇంకో పది రోజులు చూస్తాను. ఎముకకి పట్టిందంటే మాత్రం పైకణుపు దాకా తీసెయ్యాల్సి వస్తుంది" అన్నారు.

ఇంటికొచ్చాక మావారు పని పీట ముందు కూర్చుని, బొటనవేలు వదిలేసి చూపుడువేలికీ మధ్యవేలికీ మధ్య పట్టకారు ఇరికించి చూసుకున్నారు. అది జారి కింద పడింది. తీసుకుని మళ్ళీ ఇరికించారు. మళ్ళీ పడింది. మూడోసారి ఆయన తీసుకోలేదు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

మర్నాడు అత్తగారితో చెప్పాను, మోపిదేవి వెళ్ళి సుబ్రహ్మణ్యస్వామి సన్నిధిలో మూడు నిద్రలు చేసి వస్తానని. ఆవిడ వెంటనే సరేనన్నారు. ఇంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు నేనే ఆశ్చర్యపోయాను. సీసా, దూది, ఉతికి మడిచిన పాతచీర గుడ్డలు అన్నీ వరసగా పెట్టి, ధార ఎలా పొయ్యాలో చేసి చూపించాను.

"రోజుకు మూడుసార్లు, అత్తయ్యా. నురుగు ఆగేదాకా."

"నాకేం చేతకాదనుకున్నావా? ముగ్గుర్ని పెంచాను. వెళ్ళిరా."

చల్లపల్లి మీదుగా మోపిదేవి బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారిపొడుగునా ఒకటే కోరుకున్నాను. స్వామీ, ఆ నురుగు ఆగిపోవాలి. నేను తిరిగెళ్ళి పోస్తే ఒక్క బుడగ కూడా లేవకూడదు.

అక్కడ లింగం కింద పుట్టలోకి ఒక కన్నం ఉంటుంది. భక్తులు తెచ్చిన పాలు అందులో పోస్తారు. ఎన్ని పాలు పోసినా పైకి ఏమీ కనిపించదు, చప్పుడు కాదు. అలా లోపలికి వెళ్ళిపోతాయి. మూడు రోజులూ ప్రదక్షిణాలు చేస్తూ, ఆ కన్నంవైపు చూసి అదే మొక్కుకున్నాను. నురుగు ఆగాలి. నా పక్కన నిద్ర చేసిన ఒక ముసలావిడ నా సంగతి విని, "తగ్గాలని అడగమ్మా, ఎలా తగ్గాలో ఆయనకి చెప్పకు" అన్నారు. ఆవిడకి అర్థం కాలేదులే అనుకున్నాను.

నాలుగో రోజు మధ్యాహ్నం ఇంటికి చేరాను. చెప్పులు విప్పుతూనే కట్టు విప్పించి చూశాను. గుంట అడుగున ఎర్రగా, దానిమ్మగింజలు పేర్చినట్టు కొత్త కండ! అంచులు లోపలికి ముడుచుకున్నాయి. తెల్లగా నానిన చర్మం పోయింది. నాకు ఏడుపు వచ్చింది. పటం ముందు సాష్టాంగపడి లేచి, పళ్ళెం తెచ్చి, సీసా తీశాను. ఇన్నాళ్ళూ భయంతో పోశాను. ఆ రోజు కృతజ్ఞతతో, స్వామికి అభిషేకం చేసినంత ఆనందంగా పోశాను.

పొంగింది. ఎన్నడూ లేనంతగా పొంగింది. తుడిస్తే ఆ ఎరుపు మీద తెల్లటి పొర, పక్కనే రక్తపు చెమ్మ. మావారు చేయి వెనక్కి లాక్కున్నారు. అత్తగారు ఏదో అనబోయి ఆగిపోయారు. సీసా ఎత్తి చూస్తే, ఇప్పుడు పోసింది తప్ప, నేను వెళ్ళేటప్పుడు ఉన్నంతే ఉన్నట్టు అనిపించింది.

"పోశారా అత్తయ్యా?"

"పోశానమ్మాయ్" అన్నారు ఆవిడ. అని, ఆరేసిన గుడ్డలు తీసుకురావడానికని పెరట్లోకి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున నర్సుగారు గొలుసు సంగతి కనుక్కుందామని లోపలికి వచ్చారు. డ్యూటీ అయి వస్తున్నారేమో, తెల్లచీరలోనే ఉన్నారు. అప్పుడే నేను పీట వేసి కట్టు విప్పి సీసా ఎత్తాను.

"ఆగమ్మా, ఆగు! ఏంటది పోస్తన్నావ్?"

చెప్పాను.

"ఎన్నాళ్ళనుంచి?"

"నెల కావస్తోందండీ. నురుగు ఆగట్లేదు. మురికి ఇంకా..."

ఆవిడ సీసా నా చేతిలోంచి తీసుకుని కింద పెట్టారు. వేలు పట్టుకుని వెలుతుర్లోకి తిప్పి చూశారు.

"చీటీ ఏదీ?"

పటం వెనకనుంచి తెచ్చి ఇచ్చాను. ఆవిడ చదివి, దాని మీద అంటిన కుంకుమ దులిపి, నా వంక చూశారు.

"మొదటి రెండు రోజులే ఇది. ఆ తర్వాత ఉప్పునీళ్ళు, అంటే సెలైన్. రెండు రోజులని డాక్టరుగారు రాసి, కింద గీత కూడా కొట్టారమ్మా."

ఆవిడ తిట్టలేదు. చుట్టూ చూశారు. పొయ్యి పక్కన కూరకోసం ఉడకేసి దించిన బంగాళాదుంపలు ఉన్నాయి. బుట్టలో పచ్చివి ఉన్నాయి. ఒక పచ్చి దుంప కోసి ఒక ముక్క, ఉడికిన దుంపలోంచి ఒక ముక్క తెమ్మన్నారు. రెండూ పళ్ళెంలో పక్కపక్కన పెట్టి, రెండింటి మీదా ఆ సీసాలోది కొంచెం కొంచెం పోశారు.

పచ్చిముక్క మీద తెల్లగా నురుగు లేచింది. అచ్చం వేలి మీద లేచినట్టే. ఉడికిన ముక్క మీద నీళ్ళు పోసినట్టు తడి తప్ప ఏమీ లేదు.

"ఈ పచ్చి దుంపలో చీముందా?" అని అడిగారు.

"లేదండీ."

"మురికుందా?"

"ఇప్పుడే కడిగి కోశాను."

"మరెందుకు పొంగింది? ఇది నీళ్ళేనమ్మా, కాకపోతే ఆక్సిజన్ ఒక పాలు ఎక్కువుంటుంది. ఆ ఎక్కువదాన్ని పట్టుకుని ఉండలేదు. మన కండలో, నెత్తుట్లో, ఈ దుంపలో, ప్రాణమున్న ప్రతిదాంట్లో ఒక సరుకుంటది, కెటలేజ్ అంటారు. అది తగిలిందంటే దీన్ని విరగ్గొట్టేసి, నీళ్ళు నీళ్ళుగా, ఆక్సిజన్ ఆక్సిజన్‌గా విడదీస్తది. ఆ ఆక్సిజనే ఈ బుడగలు. చీములోనూ పొంగుద్ది, మంచి కండలోనూ పొంగుద్ది. ఉడికించావనుకో, ఆ సరుకు చచ్చిపోద్ది. ఇంక పొంగదు."

"అయితే నురుగు ఆగాలంటే..." అన్నాను.

"ఆ వేల్ని ఉడకెయ్యాలి" అన్నారు ఆవిడ, దుంపముక్క వంక చూపిస్తూ.

అత్తగారు అందుకున్నారు, "అంటే ఇన్నాళ్ళూ నా కొడుకు వేలితో కూర వండావన్నమాట!"

మావారు నవ్వారు. నెల రోజులకి అదే మొదటి నవ్వు. నాకు మాత్రం కళ్ళ ముందు యాసిడ్ తొట్టి కనిపించింది. ఇత్తడికి నేర్చుకున్న పాఠం కండకి అప్పజెప్పాను. గొలుసుకి ప్రాణం లేదు, వేలికి ఉంది. ఆ మాత్రం తేడా తట్టలేదు నాకు.

"మొదట్లో మంచిదే ఇది" అన్నారు నర్సుగారు, నా మొహం చూసి కాబోలు. "అడుగున ఇరుక్కున్న చెత్తని పొంగించి తెస్తది. అందుకే రెండు రోజులు రాశారు. ఆ తర్వాత కండ పుట్టే టైము. అప్పుడు పోస్తే కొత్తగా పుట్టేదాన్ని పుట్టినట్టే కాల్చేస్తది. నువ్వు పొద్దున పుట్టినదాన్ని మధ్యాహ్నం చంపావు, మధ్యాహ్నం పుట్టినదాన్ని సాయంత్రం చంపావు. అయినా చూడు, ఇక్కడ ఎరుపు వచ్చింది. రెండు మూడు రోజులు పొయ్యకుండా ఉన్నారా మధ్యలో?"

"లేదండీ. నేను ఊరెళ్ళినా మా అత్తగారు..."

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"నేను పొయ్యలేదమ్మాయ్" అన్నారు. "ఒక్క చుక్క పోస్తే ఒట్టు. వాడు పళ్ళు కొరుక్కుంటుంటే చూళ్ళేకపోయాను. నీళ్ళు మరగపెట్టి, చల్లార్చి, చిటికెడు ఉప్పేసి దాంతోనే కడిగాను. నువ్వేమో మొక్కు పట్టినట్టు పోస్తన్నావ్. వద్దంటే స్వామికి అడ్డం చెప్పినట్టు ఉంటదని..."

నేను మావారి వంక చూశాను.

"నన్ను చూస్తావేం? మా అమ్మ ఒట్టు పెట్టించుకుంది" అన్నారాయన.

నర్సుగారు అత్తగారి చేయి పట్టుకుని, "పెద్దమ్మా, రేపు మా వార్డుకి వచ్చెయ్యండి, ఉద్యోగం ఇప్పిస్తా" అన్నారు.

"నర్సు డ్రస్సు వేసుకోమంటే మాత్రం రాను తల్లీ."

ఆ రోజునుంచి నర్సుగారు డ్యూటీకి వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి ఆగి చూసేవారు. సెలైన్‌తో కడగడం, ఎక్కువగా కదపకుండా తడిగుడ్డ వేసి కట్టడం నాతోనే చేయించారు. "నువ్వే చెయ్యి. పాడు చేసిన చెయ్యే బాగుచెయ్యాలి" అనేవారు. కోపంతో కాదు. నా చేయి మళ్ళీ ధైర్యంగా ఆ పుండు మీదికి వెళ్ళాలని అలా అన్నారని తర్వాత అర్థమైంది. కడుగుతుంటే ఏమీ పొంగేది కాదు. చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దానికి అలవాటుపడడమే నాకు కష్టమైంది. ఏమీ జరగనట్టు కనిపించేది, కానీ రోజుకి ఒక వడ్లగింజ వెడల్పున గుంట పూడుకుంటూ వచ్చింది.

డాక్టరుగారు చెప్పిన పదో రోజున వెళ్ళాం. జరిగిందంతా నేనే ఒప్పుకున్నాను. ఆయన కోప్పడతారనుకున్నాను. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "నేను నోటితో చెప్పి ఉండాల్సిందమ్మా" అన్నారు. ఎముకకి పట్టలేదన్నారు. తియ్యక్కర్లేదన్నారు. ఆ తర్వాత మేమెప్పుడు వెళ్ళినా చీటీ వెనకవైపు తెలుగులో నాలుగు ముక్కలు రాసిచ్చేవారు. ఆ కాగితాలన్నీ దాచుకున్నాను.

వేలు మానింది. పైకణుపు కొంచెం వంగి, బిగిసి ఉండిపోయింది. మొదట పట్టుకున్న పని నర్సుగారి గొలుసే. నేను రాళ్ళు అతకడం ఆపి చూస్తూ కూర్చున్నాను. వంగిన వేలు పట్టకారు మీదికి వెళ్ళింది, ఒకసారి జారింది, కుదురుకుంది, నొక్కింది. చిన్న కొక్కెం తన చోట్లో కూర్చుంది. ఆవిడ ఆ గొలుసు అక్కడే మెళ్ళో వేసుకుని, సిలువని ఒకసారి కళ్ళకద్దుకున్నారు. ఆ గొలుసుకి కూడా నేను మనసులో దండం పెట్టుకున్నాను. ఎవరి దేవుడు ఎవరిని పంపుతాడో మనకేం తెలుసు?

రెండువేల సంవత్సరం దాటాక మా అమ్మాయి ఇంటర్లో చేరినప్పుడు, తెలుగు మీడియం కాబట్టి, ఆమె పుస్తకాలన్నీ నేనూ చదివేదాన్ని. అక్కడ మళ్ళీ కనపడింది కెటలేజ్. ఇంకో సంగతి కూడా తెలిసింది. ఈ పెరాక్సైడ్ మన ఒంట్లో కూడా ఎప్పుడూ కొద్దికొద్దిగా పుడుతూనే ఉంటుందట. తెల్లరక్తకణాలు క్రిముల్ని చంపడానికి దాన్ని వాడుకుంటాయట. అది మన కండనే కాల్చకుండా, పుట్టింది పుట్టినట్టే నీళ్ళు చేసెయ్యడానికి ప్రతి కణంలోనూ ఆ కెటలేజ్ కాపలా ఉంటుందట. అంటే నేను నెల రోజులపాటు చూసి భయపడిన నురుగు, ఆ వేలు తనని తాను కాపాడుకున్న ఆనవాలు. నేను పోసినంతా అది విరగ్గొట్టుకుంటూనే వచ్చింది. నేను ఎక్కువ పోశాను, అది ఓడిపోతూ వచ్చింది. నా వేళ్ళ మీద పడిన ఆ తెలుపు కూడా విభూతి గుర్తు కాదు, చర్మం కింద చేరిన సన్నటి ఆక్సిజన్ బుడగలు. చచ్చిన కండలో కూడా కొన్నాళ్ళు ఆ సరుకు మిగిలి పొంగుతుందని తర్వాత తెలిసింది. నర్సుగారు నా కోసం సంగతిని కొంచెం సూటిగా చేసి చెప్పారన్నమాట. మంచిపని చేశారు. ఆ రోజు నాకు అంతకుమించి ఎక్కేది కాదు.

మళ్ళీ అప్పటి సంగతికి వస్తే, వేలు మానిన మూడో నెలలో అందరం మోపిదేవి వెళ్ళాం. మావారు ఆ చేత్తోనే చెంబు పట్టుకుని పుట్ట కన్నంలో పాలు పోశారు. బొటనవేలు చెంబు అంచుని గట్టిగా పట్టుకుని ఉంది. పాలు చప్పుడు లేకుండా లోపలికి వెళ్ళిపోయాయి.

బయటికి వచ్చాక మండపంలో కూర్చుని కొబ్బరిముక్క పంచుతూ ఆయన అడిగారు.

"అప్పుడొచ్చి మూడు నిద్రలు చేశావుగా. ఏం మొక్కుకున్నావ్?"

దాచడం ఎందుకని చెప్పేశాను. "నురుగు ఆగిపోవాలని మొక్కుకున్నానండీ."

ఆయన బొటనవేలు ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. అత్తగారి వంక చూశారు, నా వంక చూశారు.

"స్వామి మా అమ్మ మాట విన్నాడు, నీ మాట వినలేదు. బతికాను" అన్నారు.

అత్తగారు కొబ్బరి నములుతూ, "ఊరికే విన్నాడా? నిన్ను ఇక్కడికి పిలిపించుకుని, మూడు రోజులు కూచోబెట్టుకున్నాడు కాబట్టి నాకు కుదిరింది" అన్నారు.

నేను లేచి లోపలికి వెళ్ళి ఇంకొకసారి దండం పెట్టుకున్నాను. ఈసారి ఏమీ అడగలేదు.